ఎత్తేసే చోటు

తాతారావుకు పాట వినడం చేతకాదు. పాటలో చప్పుడు వినడం మాత్రం బాగా వచ్చు. అరకుకు కాపురానికొచ్చినప్పటి నుంచి సీతామహాలక్ష్మి పడుతున్న బాధంతా అదే.

సంత వీధిలో అతనిది ఉప్పూ పొగాకూ కిరసనాయిలూ అమ్మే కొట్టు. కొండవాళ్లు తెచ్చే చింతపండు, పిప్పళ్లు, లక్క కొని లారీ మీద ఘాటీ దింపి విజయనగరం పంపుతాడు. ఆ లారీ మీదే ఒకసారి గ్రామఫోను పైకి తెచ్చుకున్నాడు. పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఎవరో డాక్టరుగారింట్లో పెద్ద గ్రామఫోను విన్నాడట. ఆ గంభీరం చెవిలో దూరి కూర్చుంది, ఇక దిగలేదు. తన పెట్టె కూడా అలాగే మోగాలి.

మోగుతోందో లేదో తేలాలంటే ముందు తెలిసిన గొంతొకటి కావాలన్నాడు. ఇంట్లో ఉన్న తెలిసిన గొంతు పెళ్లానిదే. సీతామహాలక్ష్మికి పద్నాలుగేళ్లప్పుడు, రికార్డులవాళ్ల దగ్గర హార్మోనియం వాయించే మేనమామ ఆమెను మద్రాసు తీసుకెళ్లి ఒక లాలిపాట పాడించాడు. తరవాత, ఆడపిల్లకు పాటలేమిటని ఇంట్లోవాళ్లు మానిపించేశారు. మిగిలింది ఆ ఒక్క రికార్డు ప్లేటు. పుట్టింటి నుంచి పట్టుచీర మడతల్లో దాచి తెచ్చుకుంది. మొగుడు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, కుదురుగా కూర్చుని ఆ పాట చివరిదాకా వింటే చాలనుకుంది. అంతకు మించి అతన్ని ఏమీ అడగలేదు.

అతను ప్లేటు పెట్టేవాడు. పల్లవి అయి మొదటి చరణం ఎత్తుకునేసరికి మొహం చిట్లించి గ్రామఫోను ముల్లు ఎత్తేసేవాడు.

"సన్నగుందే. గొంతులో బరువు నేదు."

"పద్నాలుగేళ్ల గుంటకి బరువెక్కణ్ణించొత్తాదండీ?"

"నీకు తెలీదు. లోపం పెట్టెలో ఉంది."

పెట్టెను బియ్యం బస్తా మీద పెట్టి చూశాడు. ఖాళీ గాదెలోకి దించి చూశాడు. బూరలో పాత పంచె కుక్కాడు. మంచుకు స్ప్రింగు బిగుసుకుపోయిందని కుంపటి పక్కన పెట్టి వెచ్చబెట్టాడు. ప్రతిసారీ మళ్లీ అదే పాట, అదే చోట ఎత్తేయడం. ఒక ముల్లు ఒక్కసారి వాడి పారేయాలని డబ్బా మీద రాసుంది. కొట్టువాడికి పారేయడానికి చేతులెలా వస్తాయి? కత్తులు నూరే రాయి మీద ముల్లు నూరి మళ్లీ బిగించేవాడు. అదీ చాలక, త్రాసులోని తులం రాయిని లక్కతో, ముల్లు బిగించే సౌండుబాక్సు నెత్తిన అతికించాడు. బరువు పడితే గొంతుకు గంభీరం వస్తుందని అతని నమ్మకం.

ఆ రోజే గాసి అనే కొండరైతు వచ్చి తులం పొగాకు అడిగాడు.

"ఉండరా. రాయి పాట మీదుంది," అన్నాడు తాతారావు.

గాసి గుమ్మం దగ్గర చతికిలబడి, త్రాసు వంకా బూర వంకా మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

ఇవన్నీ ఆమె ఎలాగో ఓర్చుకునేది. కాల్చుకు తిన్నది ఇంకోటుంది. వంటింట్లో పని చేసుకుంటూ ఆమె అదే పాట కూనిరాగం తీస్తే, గదిలోంచి "ష్" అని వినిపించేది. తొంగి చూస్తే, పెదాల మీద వేలు పెట్టుకుని కూర్చుని ఉండేవాడు.

"నీ పాట ఇననీయవేటి?" అనేవాడు.

తన పాటకు తనే అడ్డమైపోయింది. ఒళ్లు మండిపోయేది. గాజుల చప్పుడన్నాడు, మోచేతిదాకా ఎగదోసుకుంది. రోలు చప్పుడన్నాడు, అతను కొట్లోకి వెళ్లేదాకా పప్పు రుబ్బడం మానుకుంది. మెల్లగా కూనిరాగమూ మానేసింది. ఆ నిశ్శబ్దంలో కూడా అతనికి లోపమే వినిపించింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, కొండపొలాల్లో వలిసెలు పచ్చగా పూసే రోజుల్లో, విశాఖపట్నం నుంచి కొత్త సౌండుబాక్సు వచ్చింది. తులం రాయి త్రాసులోకి పోయింది. కొత్త ముల్లు, కొత్త బాక్సు. ఊరికే అనకూడదు, నిజంగానే మంచి సరుకు. మొదట ఏదో హరికథ ప్లేటు పెడితే ఇల్లంతా నిండిపోయింది. తాతారావు ఉబ్బిపోయి పెళ్లాన్ని కేకేసి, ఆమె ప్లేటు పెట్టాడు.

కాగిన నూనెలో తడి పడ్డట్టు ఒకటే చిటపట. దాని అడుగున ఎక్కడో గొంతులాంటిది.

"ఇదీ మోసమే," అంటూ ముల్లు ఎత్తేయబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. కాపురానికొచ్చాక అతని చేతికి అడ్డం పడడం అదే మొదలు.

"ఎత్తకండి. ఈపాలి ఎత్తకండి."

ముల్లు మొదటి చరణంలోకి కాస్త దూరం వెళ్లగానే చిటపట తగ్గిపోయింది. అక్కణ్ణించి అతని ముల్లు ఎన్నడూ నడవని దారి. పద్నాలుగేళ్ల పిల్ల గొంతు సన్నగా, తేటగా పైకొచ్చింది. హార్మోనియం గాలి పీల్చుకోవడం వినిపించింది. పాట అయ్యాక, గండం గడిచిందన్నట్టు పిల్ల ఊపిరి వదలడం కూడా వినిపించింది. తాతారావు కదల్లేదు.

"ఇంత బాగుందేటే," అన్నాడు చివరికి. "మరి మొదలేటైపోనాది?"

"మీరు నూరిన ముళ్లకి అరిగిపోనాదండీ."

అతను ముళ్ల డబ్బా చేతిలోకి తీసుకుని, దాని మీద రాసింది చూసి, కింద పెట్టేశాడు.

"ఓపాలి నువ్వు పాడు. మొదలెలాగుండేదో ఇంటాను. కడదాకా ఇంటాను."

ఇన్నేళ్లకు అడిగాడు. ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. గాజులు ముంజేతికి దించుకుని, గొంతు సవరించుకుని పల్లవి అందుకుంది. కాస్త బొంగురుపోయింది గానీ గొంతు పలికింది. తాతారావు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చరణం ఎత్తుకుని, నాలుగు మాటలన్నాక ఆగిపోయింది. మళ్లీ పల్లవి నుంచి మొదలెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. తరవాతి మాటలు తెలుసు, ఇప్పుడే విన్నది కూడా. నోరు మాత్రం ముందుకు కదలనంటోంది.

తాతారావు కళ్లు తెరిచాడు. "ఆగిపోనావేటి?"

"ఇక్కడే గదండీ మీరు ఎత్తేత్తారు."