దర్జీ ఇంటి గోడ

దర్జీ కోడలు పొద్దున్నే చేసే మొదటి పని గోడ ఎక్కడుందో చూసుకోవడం. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఆ గోడ. కుట్టుపని ఎక్కువైతే ఇంట్లోకి జరిగేది, తగ్గితే వీధివైపు నడిచేది. అత్తగారు కుట్టిన కాలం నుంచీ అంతే.

"మళ్ళీ నా మంచం దాకా వచ్చిందే నీ గోడ!" అనేది అత్తగారు.

"పని ఉందని సంతోషించండి అత్తయ్యా."

"సంతోషమే. కాళ్ళెక్కడ పెట్టుకోను, నీ నెత్తినా?"

పనంటే అలాంటిలాంటి పనా! అత్తాకోడళ్ళు ఆ ఒక్క మిషను మీద కుట్టిన గుడ్డంతా పరిస్తే సముద్రం కనపడదు. దొంగకీ, వాణ్ణి పట్టుకున్న పోలీసుకీ ఒకే పూట లాగులు కుట్టిచ్చిన చెయ్యి కోడలిది.

ఆ చెయ్యే తప్పు చేసింది. టేపు మొదటి అంగుళం అరిగి ఊడిపోయి ఏళ్ళయింది. ఎప్పుడూ ఆ అంగుళం కలుపుకునే కొలిచేది. ఒక్కరోజు మరిచిపోయింది. ఆ రోజు కత్తిరించినవి హోటలు పనివాళ్ళ చొక్కాలు, మూడు వందలు. చేతులన్నీ అంగుళం పొట్టి.

హోటలువాళ్ళు కోర్టుకెక్కి జప్తు ఉత్తర్వు తెచ్చారు. పాత చట్టమైతే అత్తగారిని దించి మంచం కూడా పట్టుకుపోయేవాళ్ళు. కానీ సైకిళ్ళు బాగుచేసేవాళ్ళూ, క్షవరం చేసేవాళ్ళూ, దర్జీలూ కలిసి పదకొండేళ్ళు అర్జీలు పెట్టారు. ఆ కాగితాలు దొంతర పెడితే చందమామకి నిచ్చెన అయ్యేది. చివరికి ఆ ఏడే కొత్త చట్టం వచ్చింది: సొంతంగా పని చేసుకునేవాళ్ళ ఇల్లు వేరు, వ్యాపారం వేరు. వ్యాపారంలో తప్పు జరిగితే ఇంటి సామాను ముట్టుకోకూడదు.

"మరి మిషనో?" అంది అత్తగారు.

"అది కొట్టులో ఉంది కదండీ."

మిషను పోతే ఇల్లు మిగిలీ ఏం లాభం?

పొట్టి చేతుల సంగతి ఊరంతా పాకింది. నెల్లాళ్ళు ఒక్కరూ గుమ్మం ఎక్కలేదు. గోడ రోజుకింత చొప్పున వీధివైపు నడుస్తూనే ఉంది.

జప్తు అధికారి వచ్చేసరికి కొట్టు రెండడుగులు మిగిలింది. అందులో పేరు బోర్డూ, పొట్టి చొక్కాల మూటలూ.

"మిషనేదమ్మా?"

"ఇంట్లో ఉంది సార్."

ఆయన తొంగిచూశాడు. మంచం పక్కనే మిషను, దానిమీద ముసలావిడ చెయ్యి.

"గోడ ఎప్పుడు జరిగింది?"

"పని పోయినప్పటి నుంచీ."

ఆయన తలూపాడు. "గోడకి అవతలిది ముట్టుకోవద్దనే చట్టం. గోడ ఎక్కడుండాలో రాయలేదు." మూటలూ బోర్డూ బండెక్కించాడు. సంతకం పెట్టబోతుంటే చొక్కా గుండీ వేలాడుతూ కనిపించింది.

"ఇది కాస్త కుట్టిపెడతారా?"

కోడలి చెయ్యి అలవాటుగా సూదికోసం వెళ్ళింది. లోపల అత్తగారు గట్టిగా దగ్గింది.

"ఇప్పుడు కుడితే గోడ జరుగుతుంది సార్," అంది కోడలు.

ఆయన గోడవంక చూశాడు. గుండీ తెంపి జేబులో వేసుకున్నాడు. 'జప్తు పూర్తి' అని రాసి, ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫైలు లేకుండా వచ్చాడు. చేతిలో చొక్కా, గుండీ.

"టేపు మార్చారా?"

"పాతదే సార్. ఊడిన అంగుళం అతికించాను."

సూదిలో దారం ఎక్కింది. గోడ జానెడు వెనక్కి జరిగింది.

అత్తగారు కిక్కురుమనకుండా కాళ్ళు ముడుచుకుంది.