చెరపమన్న డిస్కులు

స్కానింగ్ సెంటర్ వెనక గదికి కిటికీ లేదు. ఏసీ మాత్రం ఎముకలు కొరికేస్తోంది. సర్వర్లు అమర్చడం ఆమె వృత్తి. కొత్త స్టోరేజీ సర్వరును అట్టపెట్టెలోంచి తీసి, నెట్‌వర్క్ వైరు తగిలించి, లాప్‌టాప్‌లో దాని పేజీ తెరిచింది. సమయం, పేరు, పాస్‌వర్డు అది అడిగినవన్నీ ఇచ్చింది.

మేనేజరు పొద్దున్నుంచీ గుమ్మం వదల్లేదు.

"పాత సర్వర్లోవి ఈ రెండు డిస్కులు. ఇవి కూడా ఇందులోనే వేసెయ్యండి మేడమ్."

రెండు కొత్తవి, రెండు పాతవి, నాలుగు అరల్లోనూ దూర్చింది. తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చింది: డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా?

"నొక్కండి," అన్నాడు వెంటనే.

"కాపీ తీశారా?"

"ఎప్పుడో తీశాం."

"ఒకసారి చూపించండి."

ఒకప్పుడు ఇలాగే నోటిమాట నమ్మి ఒక స్టూడియోవాళ్ల పెళ్లి ఫొటోలన్నీ ఊడ్చిపెట్టేసింది. అప్పట్నుంచి కళ్లారా చూడందే నొక్కదు.

మేనేజరు మొహం ముడుచుకుని ఒక డ్రైవు తెచ్చిచ్చాడు. నెలకో ఫోల్డరు. ఒక్కొక్కటే తెరిచింది. అన్నిట్లో స్కాన్లున్నాయి, మార్చిలో తప్ప.

"ఆ నెల మిషను రిపేర్లో ఉందండీ."

ఆమె పాత డిస్కు ఒకటి బయటికి లాగి తన లాప్‌టాప్‌కు తగిలించింది. మార్చి నెలంతా, ఆదివారాలు పోను, రోజూ స్కాన్లే.

ఇంతలో ఫోను మోగి మేనేజరు వరండాలోకి వెళ్లాడు. ఆ సందు చూసుకుని, స్కాన్ తీసే పెద్దాయన లోపలికి తొంగిచూశాడు.

"చెరపకమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ నెలలో ఒకావిడ స్కాను ఇంకొకరి పేరు మీద వెళ్లిపోయింది. ఆవిడకేమో జబ్బేమీ లేదని రిపోర్టిచ్చారు. పాపం, చనిపోయింది. అసలు స్కాను ఇమ్మని ఆవిడ భర్త వారం రోజులుగా హాల్లోనే కూర్చుంటున్నాడు. నేను చెప్పానని అనకేం."

ఆమె గుండెల్లో రాయి పడింది. సాక్ష్యం మాయం చేసే వేలు తనది కావాలన్నమాట.

మేనేజరు తిరిగొచ్చాడు. "అయిందా?"

"కొత్తవాటితోనే చేస్తాను. పాతవి మీకిచ్చేస్తాను."

"బటను నొక్కడానికి పిలిచాం మేడమ్, పురాణం విప్పడానికి కాదు."

"నా చేత్తో నొక్కను."

అతను నవ్వాడు. "మీ అమ్మగారి స్కాన్లు కూడా మా దగ్గరే ఉన్నట్టున్నాయే. పాతవి లేకపోతే గడ్డ పెరిగిందో లేదో డాక్టరుకు తెలీదు. చూసుకోండి మరి."

అయినా ఆమె పని పూర్తిచేసి, ఎప్పటిలాగే పనిచీటీ రాసింది: "పాత డిస్కులు రెండు, మార్చి స్కాన్లతో సహా, చెరపకుండా తిరిగి ఇవ్వడమైనది." వాటి నంబర్లూ వేసింది. పీడ వదిలితే చాలన్నట్టు మేనేజరు చదవకుండానే సంతకం గీకేశాడు.

హాల్లో ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర ఆగి, ఆ చీటీ నకలు అతని చేతికిచ్చింది. అతను రెండుసార్లు చదివాడు.

"ఉందన్నమాట," అన్నాడు. చీటీని ఫైల్లో భద్రంగా పెట్టుకున్నాడు.

"ఇవాళే ఫిర్యాదివ్వండి."

మర్నాడు ఆమె తల్లి స్కాన్ల కాపీ కోసం వెళ్తే కౌంటర్లో అమ్మాయి కంప్యూటరంతా వెతికి, "పేరుందండీ. లోపలేం లేదు," అంది.

ఇంటికొచ్చి, ఎలా చెప్పాలో తెలియక, జరిగిందంతా ఉన్నదున్నట్టు తల్లికి చెప్పేసింది. కూరగాయలు తరుగుతున్న తల్లి కత్తి ఆపింది.

"గడ్డ నాకుంటే, గుండెల్లో రాయి నీకెందుకే? విచారణకు పిలిస్తే వెళ్లి నిజం చెప్పిరా."

ఫిర్యాదు మీద విచారణవాళ్లు వచ్చేసరికి పాత డిస్కులు అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. ఎవరో నొక్కేశారు. కానీ సంతకమున్న చీటీ మిగిలింది, ఆమె మాట మిగిలింది. విచారణలో ఆమె చెబుతున్నంతసేపూ మేనేజరు ఎదుటి కుర్చీలో కూర్చుని ఒక్కో మాటా రాసుకున్నాడు. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

సెంటరుకు తాళం పడింది. ఆ భర్త వచ్చి దండం పెట్టి వెళ్లాడు.

తర్వాత కొన్ని వారాలకు పెద్దాయన ఫోన్ చేశాడు. మేనేజరు పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి చేరాడట. అక్కడి స్కాన్లన్నీ ఇప్పుడతని చేతి కిందేనట.

ఆమె ఫోను పెట్టేసి, బల్ల మీదున్న డాక్టరు చీటీ మళ్లీ చూసింది. తల్లికి వచ్చే వారం కొత్త స్కాను తీయించాలి. ఊళ్లో ఇక ఆ మిషను ఉన్నది పెద్దాసుపత్రిలోనే.