పాప తోడు

పాలసీసా కడుగుతూ వినోదిని ఒక కన్ను లాప్‌టాప్ మీదే వేసి ఉంచింది. వంటింటి గట్టు మీద, మిక్సీకి ఇవతల, తడి తగలకుండా పాత లుంగీ ముక్క పరిచి దాన్ని పెట్టుకుంది. తెర మీద ఎర్రచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. చిప్ చూస్తే గోరంత, అందులో తీగలు కోట్లు. ఏ తీగా ఇంకో తీగకు తగలకుండా దారి వెతికే ప్రోగ్రాము ఆమె రాసింది. తగిలిన చోటల్లా ఒక ఎర్రచుక్క. పెళ్ళికి ముందు మొదలుపెట్టి, కడుపుతో ఉన్నప్పుడు వాంతుల మధ్య రాసి, కాన్పయ్యాక పాలిస్తూ ఒంటిచేత్తో సరిదిద్దిన ప్రోగ్రాము. చుక్కలు ఆరుతుంటే కలిగే సంతోషం ఒకరికి చెప్పుకునేది కాదు. చెప్తే "అంతేనా?" అంటారు. అంతే. ఇల్లంతా తుడిచి, ఎవరూ తొక్కకముందు గడపలో నిలబడి చూసుకున్నట్టు ఉంటుంది.

"వినో, నా తువ్వాల యాడ?" హాల్లోంచి లోగనాథన్ కేక.

తువ్వాల ఆయన భుజం మీదే ఉంది. "భుజం మీద" అంది చూడకుండానే. ఆ ఇంట్లో వస్తువుల చిరునామాలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

లోగనాథన్ చెడ్డవాడు కాదు. వేలూరు దగ్గర తాముండే గుడియాత్తంలోనే పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తాడు. తాగడు, కొట్టడు, శుక్రవారం మల్లెపూలు తెస్తాడు. చెడ్డవాడు కాదు అనే ఈ ఒక్క మాటతోనే ఎంతమంది ఆడవాళ్ళ నోళ్ళు మూతబడ్డాయో లెక్క తీసినవాళ్ళు లేరు. చుట్టాలొస్తే ఆయన నిండుగా నవ్వి, "నేను పంపిస్తా ఉండాను కాబట్టి పీహెచ్‌డీ చదవతా ఉండాది" అంటాడు. పంపడం అంటే ఏమిటి? ఆమె లేచి వండి, బిడ్డకు నీళ్ళుపోసి, అందరికీ డబ్బాలు కట్టి, షేర్ ఆటోలో స్టేషనుకు పరిగెత్తి, కాట్పాడి రైలెక్కి, విశ్వవిద్యాలయం ల్యాబులో కూర్చుంటుంది. ఆయన మంచం మీంచి "జాగ్రత్త" అంటాడు. అదీ పంపడం.

ల్యాబులో గైడు గోపాలకృష్ణన్ గారిది ఇంకో తీరు. ఎవరొచ్చినా ఆమెను చూపించి, "వీళ్ళది నేత కుటుంబం. తీగలు నేయడం రక్తంలోనే ఉంది" అంటారు. ఆమె పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ మగ్గం మీద ఒక్కరోజు కూర్చోలేదు. మగ్గం మగవాళ్ళది. ఆడవాళ్ళు రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి, తెగిన పోగులు ముడేయాలి. నేసింది ఎవరని అడిగితే మగాయన పేరే చెప్పాలి. రక్తం మాట ఎత్తేవాళ్ళకు ఇదంతా తెలియదు, తెలిసినా పొగడ్త చెడిపోతుంది.

ఆ రోజు ల్యాబులో ఉండగా మెయిలొచ్చింది. బెంగళూరులో ఏటా జరిగే చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ సదస్సులో పరిశోధక విద్యార్థుల పోటీ. ఆఖరి అంచెకు ఆమె ప్రోగ్రాము చేరింది. ఇక వేదిక మీద నిలబడి వివరించాలి, ఎవరు వివరిస్తే వాళ్ళ పేరే పిలుస్తారు. దాంతోబాటు ఇంకో కబురు. చంటిబిడ్డ తల్లులకు ఇచ్చే ప్రయాణ స్కాలర్‌షిప్పు కూడా ఆమెకే ఇచ్చారు. ఆమెకూ, బిడ్డకూ, బిడ్డను చూసుకోవడానికి వెంట వచ్చే ఒక మనిషికీ టిక్కెట్లు, గది వాళ్ళవే. ఆ మనిషి పేరు రేపటికల్లా చెప్పాలి.

గోపాలకృష్ణన్ గారు సంతోషించారు. అబద్ధం కాదు, నిజంగానే సంతోషించి, లడ్డూలు తెప్పించి, రెండోది నోట్లో పెట్టుకుంటూ అన్నారు: "బిడ్డతల్లివి, నీకెందుకమ్మా ఈ అలమట? మన దినకరన్ పోయి చెప్పి వస్తాడు. స్లైడ్లు వాడికిచ్చేయి."

దినకరన్ ఆమె జూనియర్. ఆ ప్రోగ్రాము నడపడం వాడికి నేర్పింది ఆమే. "రేపు చెప్తాను సార్" అంది వినోదిని. 

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ దారంతా ఒకటే ఆలోచన. వేదిక మీద దినకరన్ నిలబడి "మేము" అంటాడు. మేము రాసినాము, మేము కనుక్కున్నాము. ఆ మేములో ఆమె ఎక్కడుంటుంది? వాంతులు ఎక్కడుంటాయి? దినకరన్ మీద కోపం కాదు, పోటీలో ఓడితే బాధ కూడా కాదు. తన నోటితో "నేను రాసినాను" అని ఒక్కసారి, మైకులో, నలుగురికీ వినబడేట్టు అనాలి. ఇంత చిన్న కోరికకు ఇంటిల్లిపాది అనుమతి అడుక్కోవాల్సి రావడం తలచుకుంటే ఆమెకు నవ్వొచ్చింది.

సాయంత్రం వసారాలో అత్త పొన్నమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. మామ చౌడప్ప, పక్కన లోగనాథన్ కాఫీ తాగుతున్నారు. పాప భువన మామ చెప్పు నోట్లో పెట్టుకోబోతే వినోదిని దాన్ని లాక్కుని, పాపను చంకనేసుకుని, నిలబడే విషయమంతా చెప్పింది.

"శభాష్!" అన్నాడు లోగనాథన్. "సార్ చెప్పిందే కరెక్టు. దినకరన్ పోనీ. కాగితంలో నీ పేరు ఉండాది కదా?"

"నిలబడి చెప్పినోళ్ళ పేరే పిలుస్తారంట."

"అట్లయితే పో. నేనేమన్నా వద్దన్నానా? భువనను అమ్మ చూసుకుంటాది. లేకుంటే అమ్మనే వెంట పిలుచుకొని పో. ఏం నాయనా?"

చౌడప్ప తల ఊపాడు. ఔదార్యమంటే అలా ఉండాలి. తన చేతిలోది కాకుండా పక్కవాళ్ళ చేతిలోంచి తీసి ఇవ్వడం.

రాట్నం ఆగింది. "నేను చూడను" అంది పొన్నమ్మ. "ఆ ఊరికీ రాను. నాకు పనుండాది."

  పెళ్ళయిన కొత్తల్లో ఇదే మనిషి "మా ఇంట్లో కోడండ్లు రైళ్ళెక్కింది లేదు" అన్న మాట, చారులో ఉప్పు తక్కువైతే "పుస్తకంలో చెప్పలేదా అమ్మణ్ణీ?" అన్న మాట, అన్నీ వినోదినికి వరసగా గుర్తొచ్చాయి. సరే, ఇదే ఆఖరు, దినకరన్‌కు స్లైడ్లు పంపేస్తే పోతుంది అనుకుంది.

"నీకేం పని అమ్మా?" అన్నాడు లోగనాథన్ ఆశ్చర్యపోయి.

"ఉండాది. అదంతా నీకు చెప్పల్లా?" పొన్నమ్మ తలుపులోంచి హాలు గోడ వైపు చెయ్యి చూపింది. టీవీ పక్కన షీల్డు. నేత సంఘంవాళ్ళు ఇచ్చిన ఉత్తమ లుంగీ బహుమతి, కింద చౌడప్ప పేరు. "అది యాడ్నించి వచ్చినాది?"

"నాయన నేసింది కదా."

"నేసింది మీ నాయనే. ఆ గళ్ళు పెట్టింది నేను. ఏ రంగు పక్కన ఏ రంగు పోవల్లనో చెప్పింది నేను, కండెలు చుట్టింది నేను. సంఘమోళ్ళు మొగుడూపెండ్లాలు ఇద్దరూ వేలూరికి రండని పిలిచినారు. పట్టుచీర కూడా తీసి పెట్టుకొంటి. నువ్వు చంటోడివి, ఒకటే ఏడుపు. ఈ మనిషి ఒక్కపూట నిన్ను ఎత్తుకొని ఉంటే నేనూ ఆ వేదిక మెట్లెక్కి ఉందును. తానొక్కడే పోయి శాలువా కప్పించుకొని వచ్చినాడు."

"అయ్యో, అది ఎప్పటి మాట! ఇప్పుడెందుకు?" అని చౌడప్ప కాఫీ గ్లాసులోకి చూశాడు.

"ఇప్పుడు కాకుంటే ఎప్పుడు? నేను సరే అంటే నీ కొడుకు కాలు మీద కాలేసుకొని ఇంట్లో ఉంటాడు. బిడ్డ వానిది కాదా? వాడే ఎత్తుకొని పోనీ."

"నాకు కాలేజీ ఉండాదమ్మా!"

"లీవు పెట్టు. పెండ్లిండ్లకు పెట్టవా?"

"మగోడు బిడ్డను ఎత్తుకొని మీటింగుకు పోతే నలుగురూ నవ్వతారు."

"నవ్వనీ. నవ్వితే బిడ్డ కూడా ఏడుపు ఆపుతాది."

వినోదినికి నవ్వు ఆగలేదు. అత్త మాత్రం నవ్వలేదు. "నీ చిప్పో గిప్పో నాకు తెలీదు అమ్మణ్ణీ, తెలుసుకోవల్లని కూడా లేదు" అని మళ్ళీ రాట్నం తిప్పింది. "పోయి నీది నువ్వు చెప్పుకో."

ఇన్నాళ్ళూ ఆ ఉప్పు మాటలు పట్టుకుని ఈ మనిషిని తాను ఎంత తక్కువ చూసింది! ఆడదానికి ఆడదే శత్రువని వాగేవాళ్ళను తెచ్చి ఈ వసారాలో కూర్చోబెట్టాలి. వినోదిని ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. చంకలో ఉన్న బిడ్డను తీసి భర్త ఒళ్ళో పెట్టింది. ఫోన్ తీసి, వెంట వచ్చే మనిషి పేరు అన్నచోట లోగనాథన్ అని కొట్టి పంపింది. తర్వాత గైడుకు: "సార్, నేనే వెళ్తున్నాను."

సదస్సుకని కాట్పాడిలో బెంగళూరు రైలెక్కిన కాసేపటికే లోగనాథన్ ఫోన్ మోగింది. ఒక చేత్తో భువనను పట్టుకుని తంటాలు పడుతూ స్పీకరు నొక్కాడు. చౌడప్ప గొంతు బోగీ అంతా వినబడింది: "రేయ్, మీయమ్మ పక్కింటి కోకిలతో సినిమాకని వేలూరికి పోయింది రా! అన్నం ఎవరు పెడతారు?"

"గిన్నెలో ఉంటాది, పెట్టుకో నాయనా" అన్నాడు లోగనాథన్. అన్నాక ఆ మాట తన నోట ఎలా వచ్చిందా అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి చూస్తోంది, పెదాలు బిగబట్టుకుని.

బహుమతి వచ్చిందా అని అడిగేవాళ్ళకు ముందే చెప్పేయాలి. రెండోది వచ్చింది. కథ అది కాదు.

సదస్సు గుమ్మం దగ్గర ఒక అమ్మాయి అందరి మెడల్లో కార్డులు వేసింది. వినోదిని కార్డు మీద ఆమె పేరు, కింద "పరిశోధకురాలు". లోగనాథన్ తనది తిప్పి చూసుకున్నాడు. పేరు లేదు. పెద్ద అక్షరాలతో "పాప తోడు" అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు మాట ఒకటే ఉంది.

"ఏంది వినో, పేరైనా వేయలేదే?" అన్నాడు.

"అట్లే వేస్తారండీ" అంది ఆమె మెల్లగా. "అలవాటైపోతాది."

 ఆయన భువనను ఎత్తుకుని, పాలసీసా ఉన్న సంచి భుజానికి తగిలించుకుని ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. ఎందుకైనా మంచిదని తనంతట తానే అక్కడ కూర్చున్నాడు. అది ఆమె చూసింది, ఆ మేరకు మనసులో జమ వేసుకుంది కూడా.

పేరు పిలిచారు. మెట్లెక్కింది. మైకు కాస్త ఎత్తుగా ఉంది, కిందికి వంచుకుంది. "ఈ ప్రోగ్రాము నేను రాశాను" అంది. హాలంతా వినబడింది. తెర మీద ఎర్రచుక్కలు ఆరడం మొదలైంది.

సగంలో ఉండగా భువన ఏడుపు అందుకుంది. వినోదిని ఒళ్ళంతా అలవాటు కొద్దీ ఆ వైపు తిరిగింది, పాలు చేపుకొచ్చాయి. ఆఖరి వరసలో లోగనాథన్ గబుక్కున లేచి, బిడ్డను భుజాన వేసుకుని, సంచి కుర్చీకి తగులుకుంటే లాక్కుని బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది. మూసిన తలుపు అవతల ఏడుపు ఇంకా వినబడుతూనే ఉంది.

వినోదిని తర్వాతి స్లైడు తిప్పింది.