చిన్నకోడలి మబ్బు

మధ్యాహ్నం భోజనాలు కాగానే తోడికోడళ్ళిద్దరూ చెరో థర్మామీటరు పట్టుకుని డాబాలెక్కడానికి బయల్దేరేవారు. ఇద్దరిదీ ఒకే ఎమ్మెస్సీ, ఒకే గైడ్, వాతావరణ మార్పు మీదే ప్రాజెక్టులు. ఊళ్ళో డాబాలు పాతరోజులకన్నా ఎంత ఎక్కువ కాలుతున్నాయో పెద్దకోడలు కొలుస్తోంది. నీడ పడితే అవే డాబాలు ఎంత చల్లబడతాయో చిన్నకోడలు కొలుస్తోంది. పైచదువుకి ఉన్నది ఒక్కటే సీటు. అది తనకే రావాలని పెద్దకోడలి పంతం.

చిన్నకోడలికి ఒక మబ్బుంది. మంచమంత మబ్బు. కాపురానికి వచ్చిన రోజు పెట్టెతోపాటు అదీ వచ్చింది. ఆమె ఎటు వెళ్తే అటు నెత్తిన తేలుతూ వెళ్తుంది.

"దాన్ని వంటింట్లోకి రానివ్వకే, ఉప్పు చెమ్మగిల్లిపోతుంది" అనడం తప్ప అత్తగారు దాని జోలికి పోలేదు. బస్సు కండక్టరు కూడా "మబ్బుని కాస్త లోపలికి జరుపుకోండమ్మా" అని టికెట్టు చింపేవాడు.

పెద్దకోడలికి మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయేది. తనేమో నెత్తి మాడి, అరికాళ్ళు బొబ్బలెక్కి ఇల్లు చేరేది. తోడికోడలు అప్పుడే స్నానం చేసినదానిలా వచ్చి "ఏం ఎండలక్కా, బాబోయ్!" అనేది.

'నీకేం తెలుసే ఎండ!' అని ఈవిడ లోపల పళ్ళు నూరుకునేది. అది అసూయే. దానికి మర్యాదగా ఇంకో పేరు పెడదామని చూసింది గానీ కుదరలేదు.

ఆ మబ్బుకి తడిబట్టలంటే ప్రాణం. దండెం మీద చీరలు ఆరేస్తే చాలు, వాటి చుట్టే తచ్చాడేది. అది కనిపెట్టిన పెద్దకోడలు ఒకరోజు తడితువ్వాలు తలకి చుట్టుకుని దాని ముందునుంచి నెమ్మదిగా నడిచింది. మబ్బు కాసేపు అటూ ఇటూ ఊగి, చివరికి ఈమె వెంట పడింది.

చిన్నకోడలు చూసింది. కొంగు నెత్తిన కప్పుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. అలా వెళ్తుంటే చూసి పెద్దకోడలి కళ్ళు చల్లబడ్డాయి.

ఎండాకాలం పోయేదాకా తను హాయిగా డాబాలెక్కింది. మబ్బు కింద చతికిలబడి, కూనిరాగాలు తీస్తూ అంకెలు రాసుకుంది.

కాగితాలు అప్పగించేరోజు గైడ్ మేడం మొదట చిన్నకోడలి కాగితాలు తిరగేసింది.

"హమ్మయ్య! నీడలేని కొలతలు కూడా తెచ్చావన్నమాట. పోల్చడానికి అవి లేకపోతే నిన్ను గట్టెక్కించడం నావల్ల కాదని చెప్పానుగా. మబ్బు వదలట్లేదని ఏడ్చావు, ఎలా వదిలింది?"

"మా అక్క తీసుకుందండీ."

మేడం పెద్దకోడలి కాగితాలు అందుకుంది. నాలుగు పేజీలు చూసి, తలెత్తి ఆమె నెత్తిమీదికి చూసింది.

"ఏమ్మా, ఎండని కొలవమంటే నీడని కొలుచుకొచ్చావా? నీ లెక్కన ఊరు పాతరోజులకన్నా చల్లబడింది! ఇక మళ్ళీ ఎండాకాలం దాకా ఆగాల్సిందే."

సీటు చిన్నకోడలిదే అయింది.

వరండాలోకి రాగానే చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి పట్టేసుకుంది. ఎండకి చిన్నకోడలి ముక్కుమీద తోలు ఊడిపోయి ఉంది పాపం.

"దాన్ని వదిలించుకోవాలని నేను పడని పాట్లు లేవక్కా. కసిరాను, గదిలో పెట్టి తాళం వేశాను. నా అవస్థ చూడలేకే కదూ, నీ ప్రాజెక్టు పాడవుతుందని తెలిసి కూడా నువ్వు తీసుకున్నావు?"

పెద్దకోడలు నోరు తెరిచింది. కాదని చెప్పాలి. సీటు ఎలాగూ పోయింది, ఈ మంచిపేరు కూడా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"అక్కనయ్యాక తప్పుతుందా మరి" అంది.

మబ్బు ఆమె ఒక్కదాని మీదే సన్నగా కురవడం మొదలెట్టింది. చిన్నకోడలు గబగబా తన కొంగు తీసి ఆమె నెత్తిన కప్పింది. ఆ కొంగు కింద నిలబడి కూడా పెద్దకోడలు ఆ మంచి మనసు చూసి అసూయే పడింది.