మేకుకు వేలాడిన పుస్తకం

ఉమాపతి అంగట్లో గడప పక్కన గోడకు ఒక మేకు ఉంది. దానికి ఎనిమిది నెలలు నా పరువు వేలాడింది.

వేలూరులో కామిక్స్ పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి అది. ఉమాపతి నాయన బలరామయ్య పెట్టాడు. నేను గుడియాత్తంలో ఉండి ఆ పుస్తకాలకు బైండింగు చేసేవాణ్ణి. గుర్రాల మీద తుపాకులు కాల్చేవాళ్లు, దయ్యాలు, డిటెక్టివులు, ప్రేమికులు, అందరూ నా సూది కిందుగానే పోయారు. నేను మూడో తరగతి దాకా పోయాను. కథ తెలియడానికి బొమ్మలు చాలేవి. బలరామయ్య ఉన్నన్నాళ్లూ నన్ను వరదన్నా అని పిలిచాడు.

ఆయన పోయాక ఉమాపతి జపాను కామిక్స్ తెప్పించాడు. కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. ఆకులన్నీ ఊడిపోయిన పుస్తకం ఒకటి నాకు దారంతో కట్టి పంపాడు. దానికి అట్ట కూడా లేదు. పేజీ నంబర్లు చూసి పేర్చాను. ఎప్పటిలాగే ఎడమ పక్క కుట్టి, అంచులు కోసి చదును చేశాను. జపాను వాళ్లు కుడి నుంచి చదువుతారని నాకు చెప్పిందెవరు? రెండు పేజీల మీద సాగే బొమ్మలన్నీ అటూ ఇటూ అయిపోయాయి.

అంగడి నిండా జనం ఉన్నప్పుడు ఉమాపతి ఆ పుస్తకం పైకెత్తాడు.

"చూడండప్పా, మా వరదప్ప పని! కత్తి ఈడ, కత్తి పట్టిన చెయ్యి ఆడ. ముసలోడికి కండ్లు పొయ్యినాయో, బుర్రే పొయ్యిందో!"

అందరూ నవ్వారు.

"విప్పి మళ్లా కుడతాను" అన్నాను.

"ఏం వద్దులే. కుట్టింది కుట్టిందే. నలుగురూ చూడనీ."

మేకుకు దారం కట్టి దాన్ని వేలాడదీశాడు. కింద ఒక అట్టముక్క మీద అరవంలో ఏదో రాశాడు. కూడబలుక్కుని చదివాను. గుడియాత్తం గుడ్డోడు కుట్టిన పుస్తకం, చూసి నవ్వండి, అని ఉంది.

నలభై ఏళ్లుగా కుడుతున్నాను. కొత్త మూట తీసుకుని బస్సెక్కాను. విరించిపురం దాటేసరికి ఏం చెయ్యాలో తెలిసింది.

ఆ అంగడి నుంచి వచ్చిన ప్రతి పుస్తకంలో ఆఖరి ఆకు కోశాను. కుట్టు పక్కన గోరంత వదిలి కోసి, దాని మీద అట్ట లోపలి కాగితం అంటించాను. నా మైదా జిగురులో మైలుతుత్తం కలుస్తుంది, పురుగు కూడా ఆ చోటు కనిపెట్టలేదు. ఇంక ఉమాపతి ఎంత? కోసిన ఆకులు రేకుపెట్టెలో దాచాను.

నెల తిరగకముందే గొడవలు మొదలయ్యాయి. జోలార్పేటలో రైల్వే పని చేసి రిటైరైన శంకరన్‌కు డిటెక్టివు కథలంటే పిచ్చి. నేను మూట దించేసరికి ఒకరోజు ఉమాపతి మీద అరుస్తున్నాడు.

"ఏమయ్యా, కొలైకారన్ యారు? ఎనిమిది బుక్కులు చదివితి, ఒక్క హంతకుడూ దొరకలే. నీ అంగట్లో అందరూ తప్పించుకునేదేనా?"

"ఎవడో చింపతా ఉండాడు సార్."

"టికెట్టు ఇచ్చి, ఊరు రాకముందే రైల్లోంచి దించేసినట్టుండాది."

నేను పుస్తకాల అంచులు సర్దుతూ నిలబడ్డాను. ఆ వారమంతా నాకు అన్నం రుచిగా ఉంది.

పోను పోను జనం తగ్గారు. ఉమాపతి మొహం పీక్కుపోయింది. మూట ఇచ్చిన ప్రతిసారీ ఆ మొహం చూసి, తర్వాత మేకు చూసి వచ్చేవాణ్ణి. అట్టముక్క అలాగే ఉండేది. నేనూ కోస్తూనే ఉన్నాను.

కార్తీకంలో పోతే చిన్నప్పన్ కనబడలేదు. అంగట్లో దుమ్ము దులిపి పుస్తకాలు సర్దేది అతనే. పెళ్లాం పిల్లలున్నవాడు, నోరు మంచిది. మేకుకు నా అట్టముక్క కింద ఇంకోటి వేలాడుతోంది. పేజీలు చింపే దొంగ చిన్నప్పన్, అని.

"వాడేనా?" అన్నాను.

"ఇంగెవడు? పొద్దస్తమానం పుస్తకాల్లో ఉండేది వాడే గదా. గెంటేసినా."

నా అట్టముక్క నా తప్పుకు. అతనిదీ నా తప్పుకే.

ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. కోసిన ఆకులన్నీ ఒకే పుస్తకంగా మూడు రోజులు కుట్టాను. అరవం ఆకులు ఎడమ నుంచి, జపాను ఆకులు కుడి నుంచి. రెండూ నడుమలో కలుస్తాయి. ఎర్ర కాలికో గుడ్డ వేశాను. అంత మంచి బైండింగు నా జన్మలో చెయ్యలేదు.

వేలూరు మార్కెట్లో చిన్నప్పన్ ఉల్లిగడ్డల మూటలు మోస్తున్నాడు. రమ్మన్నాను. దారిలో చెప్పాను. నిలబడిపోయాడు.

"నువ్వా అన్నా? నా బిడ్డలు దొంగ బిడ్డలు అనిపించుకున్నారే! ఆ పొద్దే వాణ్ణి నాలుగు తిట్టింటే సరిపొయ్యుండు గదా. నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

నడిచాను. పది అడుగులు వెనక వచ్చాడు.

అంగట్లో శంకరన్ ఉన్నాడు, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు. నేను మేకు మీదవన్నీ దించాను. చిన్నప్పన్ అట్టముక్కను రెండుగా విరిచి ఉమాపతి చేతిలో పెట్టాను.

"ఈయప్ప చింపలేదు. ఎవరూ చింపలేదు. కోసినారు. కోసింది నేను."

ఉమాపతి నోరు తెరుచుకుంది.

"మా నాయన పెట్టిన అంగడి ఇది, ముసలోడా! నిన్ను అన్నా అని పిలిచె గదా ఆయన!"

"ఆయన పిలిచినాడు. నువ్వు గుడ్డోడన్నావు."

ఎర్ర పుస్తకం మేకుకు తగిలించాను. "అన్నీ ఉండాయి. ఒక్క ఆకూ పోలేదు."

"విప్పి ఏ పుస్తకం ఆకు దానికి అతికించు! ఇప్పుడే!"

"కుట్టింది కుట్టిందే."

పిల్లలు నవ్వారు. ఈసారి ఎవరిని చూసి నవ్వారో ఉమాపతికి తెలుసు. తల దించుకుని, "రేపట్నించి పనికి రారా" అన్నాడు చిన్నప్పన్‌తో.

"వచ్చేది అట్లుండనీ సార్. దొంగ అని రాసినారు గదా, కాదని రాయండి. ఆడే కట్టండి."

ఉమాపతి రాశాడు. చిన్నప్పన్ అక్షరం అక్షరం చదివి చూసుకుని, తనే కట్టాడు. నా వైపు చూడలేదు.

తప్పు కుట్టిన నా పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. శంకరన్ అప్పటికే ఎర్ర పుస్తకం తెరిచి ఆకులు తిప్పుతున్నాడు. వీధి మలుపు దాకా వినబడింది.

"అడ పావీ! వంటోడా? వంటోడేనా చంపింది!"

ఎనిమిది నెలలుగా ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.