గణపతిరావు గారి ఉమ్మి

తెల్లారేసరికి గణపతిరావు గారి మంచం కింద ఇత్తడి ఉమ్ములగిన్నె నిండి ఉంటుంది. దాన్ని పెరట్లోకి మోసుకెళ్ళి, నీళ్ళు కుమ్మరించి, చింతపండూ బూడిదా వేసి తోమి, ఎండలో బోర్లించడం ఆయన భార్య బొడ్డమ్మ పని. టెక్కలిలో ఆ ఇంటికి కాపరానికి వచ్చిన నాటినుంచీ అదే పని. ఇంట్లో పనిమనిషి ఉంది. అయినా ఆ గిన్నె మాత్రం ఆమె చేతికివ్వరు. మనిషి ఉమ్మి, గోళ్ళు, వెంట్రుకలు పరాయి చేతిలో పడితే చిల్లంగి పెడతారని, చేతబడి చేయించి మంచం పట్టిస్తారని ఆ ఇంటి మగవాళ్ళకు భయం. రెండుసార్లు ఊరి ప్రెసిడెంటుగిరీ వెలగబెట్టిన పెద్దమనిషికీ, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే ఆయన కొడుకు హరిబాబుకీ ఇదే భయం. పెళ్ళాం చేతిలో పడితే మాత్రం ఏ భయమూ లేదు. ఆవిడ చెయ్యి వాళ్ళ లెక్కలో చెయ్యే కాదు మరి.

కోడలు తనూజ పెరట్లో పళ్ళు తోముకుంటూ అత్తగారి వంగిన నడుము చూస్తోంది. పెరటి వసారాలో మావగారు ఫోనులో ఎవరితోనో కులాసాగా మాట్లాడుతున్నాడు. “మా కోడలా? పెద్ద సైంటిస్టే. ఊరూరా తిరిగి ఉమ్ములు ఏరతాది,” అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. పెళ్ళయినప్పటినుంచీ ఈ హాస్యం ఆయన వచ్చినవాడికల్లా వడ్డిస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు పొంగిపోతాడు. ఎదురుగా పెరట్లో ఆయన ఉమ్మిని నిజంగా ఎత్తుతున్న మనిషి కనబడుతున్నా ఆయనకు నవ్వు ఆగదు.

తనూజ జన్యుశాస్త్రవేత్త. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ తరఫున పలాసలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఉద్దానం ఊళ్ళన్నీ తిరుగుతోంది. ఇక్కడ కిడ్నీ జబ్బు నలభై దాటని మనుషుల్ని కూడా డయాలసిస్ మంచం మీద పడుకోబెడుతోంది. అదే ఊళ్ళో, అదే నూతి నీళ్ళు తాగి, అదే తోటలో కొబ్బరికాయలు ఒలుచుకుని ఎనభై దాటినవాళ్ళూ నిక్షేపంలా తిరుగుతున్నారు. వాళ్ళ జన్యువుల్లో ఏముంది, వీళ్ళలో ఏం లేదు అన్నది కనిపెట్టడమే ఆమె పని. జలంత్రకోటలో ఆమె తల్లి ఆ జబ్బుతోనే పోయింది. ఆవిడ పోయి నెల తిరక్కుండానే హరిబాబు భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, “మీ ఊరి రక్తమే అంత. మా సైడు ఎవరికీ లేదు,” అన్నాడు. అప్పుడామె చేతిలో చారు గిన్నె ఉంది. ఆ గిన్నె అతని నెత్తిన బోర్లించకుండా విస్తట్లోనే ఎందుకు వంచానా అని ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడూ అనుకుంటుంది. చదువు మనిషికి మాట నేర్పుతుందంటారు, కాపరం ఆ మాటని మింగడం నేర్పింది. తల్లి ఆస్పత్రి కాగితాలు చూసి జబ్బు ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపించగల మనిషి, టెన్తు సైన్సు కూడా సరిగ్గా పాసవని మగాడి నోట రక్తం గురించి పాఠం విని, “కొంచెం మజ్జిగ వెయ్యనా,” అని అడిగింది. తలుచుకుంటే అతని మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేస్తుంది ఆమెకి.

ఊళ్ళల్లో కూలీలూ రైతులూ, ఆడా మగా, క్యాంపుకి వచ్చి వరసలో కూర్చుని గొట్టంలో ఉమ్మి ఇచ్చారు, సీసాలో మూత్రం ఇచ్చారు. పెద్ద ఇళ్ళ మగవాళ్ళకి మాత్రం అది నామోషీ అయింది. తనూజ పై అధికారి, డైరెక్టర్ జనార్దనరావు గారు హైదరాబాదునుంచే వాళ్ళ మనసు కనిపెట్టేశాడు. పెద్దల్ని వరసలో నిలబెట్టడం బాగుండదు, గొట్టాలూ సీసాలూ ఇంటికే పంపించమ్మా అని హుకుం వేశాడు. క్యాంపుల్లో పనిచేసే సౌజన్య అనే అమ్మాయి వాటిని ఇల్లిల్లూ తిప్పి, వసారాలో కాసేపు కూర్చుని, నింపిచ్చినవి పట్టుకొచ్చింది. మూత్రం పరీక్షల ఫలితాలు ముందొచ్చాయి. గణపతిరావు గారికి ఎనభై దాటినా కిడ్నీలు కుర్రాడివిలా ఉన్నాయని తేలింది. ఇంకేముంది, ఆ కాగితం లామినేషన్ చేయించి హాల్లో తగిలించాడు. వచ్చే ఆదివారం పలాసలో జరిగే సభలో డైరెక్టరు గారు ఆయనకి శాలువా కప్పి, ఉద్దానం ఆరోగ్యానికి ఆదర్శ పురుషుడని పొగడబోతున్నాడు. “మా రక్తం అలాటిది,” అని ఆయన పాలవాడికి కూడా చెప్పాడు.

ఆ వారమే ఉమ్మి నమూనాల జన్యు ఫలితాలు తనూజ కంప్యూటర్లోకి వచ్చాయి. మగవాళ్ళకి వై క్రోమోజోము ఉంటుందని ఇంటర్ పిల్లలకీ తెలుసు. గణపతిరావు గారి పేరున్న నమూనాలో అది లేదు. హరిబాబు పేరున్న దాన్లోనూ లేదు. ఏదో పొరపాటు జరిగిందనుకుని ఆ రెండిట్నీ బొడ్డమ్మ నమూనా పక్కన పెట్టి చూసింది. మూడూ ఒకటే. తండ్రి, తల్లి, కొడుకు అని మూడు పేర్లు, లోపల ఉన్నది ఒకే ఒక్క ఆడమనిషి. తక్కిన పెద్ద ఇళ్ళవి కూడా తెరిచి చూసింది. సగానికి సగం మగపేర్ల కింద ఆడవాళ్ళే ఉన్నారు. ఆ ప్రాంతపు ఆదర్శ పురుషులంతా చీరలు కట్టుకుని వంటింట్లో ఉన్నారన్నమాట. తనూజకి ముందు పగలబడి నవ్వొచ్చింది, తర్వాత హాల్లో వేలాడుతున్న ఆ కాగితం గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, తోటకూర గిల్లుతున్న అత్తగారి పక్కన కూర్చుని అడిగింది. బొడ్డమ్మ దాచలేదు. దాచాల్సిన సంగతని కూడా ఆవిడకు తోచలేదు.

“ఆయన గొట్టమూ సీసా నింపమన్నాడు, రెండూ నింపినాను. బాబు కూడా, అమ్మా, నాదీ నువ్వే నింపీ, నాకు మీటింగుంది అన్నాడు. ఇందులో ఏటుందమ్మా? ఆళ్ళకి జొరమొస్తే ఉపాసాలు నేనున్నాను. ఆళ్ళ మొక్కులకి గుండు నేను సేయించుకున్నాను. ఇదీ అంతే అనుకున్నాను.”

తనూజ కూడా ఓ కాడ తీసుకుని గిల్లడం మొదలుపెట్టింది. ఈవిడ పుణ్యం చేస్తే వాళ్ళ ఖాతాలో పడింది. ఈవిడ ఆకలి వాళ్ళ జ్వరాన్ని తగ్గించింది. ఆఖరికి ఈవిడ కిడ్నీలు కూడా ఆయన పేరునే హాల్లో గోడకి వేలాడుతున్నాయి. అవతల మావగారి పంచె కుచ్చెళ్ళ కింద పాదాలు పొంగుతున్నాయి. చెప్పు విప్పితే పట్టీ గుర్తు గంటదాకా పోవడం లేదు. అది తనూజ నెల్లాళ్ళుగా చూస్తూనే ఉంది. రిపోర్టు బాగుంది కదా, వయసువల్ల అయివుంటుందిలే అనుకుంది.

డైరెక్టరుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. ఫీల్డు పిల్ల లేబుళ్ళు తారుమారు చేసిందని రాసేసి, ఆ నమూనాలు పక్కన పడేయమన్నాడు. పిల్లని తీసేస్తే సరి, సభ సభలాగే జరుగుతుంది, పరిశోధనా పత్రం మీద తనూజ పేరు ముందుంటుంది. గొట్టాలు ఇంటికి పంపమన్నది మీరే కదా సార్ అంటే, ఆయనకి వేరే ఫోను వస్తోందట.

హరిబాబు దగ్గర కూడా అదే పాట. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు అదే మందు చెప్పారు. తను ఉమ్మకపోవడం గురించి సిగ్గు కాదు కదా, చిన్న ఇబ్బంది కూడా లేదు అతని మొహంలో.

“ఒక్క ఉమ్మికి ఇంత రాద్ధాంతమేటి తనూ? మా నాన్న పరువు కంటే ఆ పిల్ల ఉద్యోగం ఎక్కువైపోయిందా నీకు? దానికి ఇంకోచోట దొరుకుద్ది.”

మర్నాడు సౌజన్య ఆఫీసుకి వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కబురు అప్పుడే అందినట్టుంది. మూలపేట పిల్ల. తండ్రికి డయాలసిస్ జరుగుతోంది, ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఏడవలేదు. నెమ్మదిగా, “గడప దాటి లోపలికెళ్ళి పెద్దాయన నోట్లోకి సూడగలనా మేడం?” అంది. తనూజ ఆమెని కూర్చోబెట్టి, తన టీ ఆమెకిచ్చి, కంప్యూటరు దగ్గరికి జరుపుకుంది. చారు గిన్నె పట్టుకుని ఆనాడు నోరు మూసుకున్నది ఇంక చాలనిపించింది. పేపరు మీద పేరు ముందుంటుందట. ఈ పిల్ల బతుకు తొక్కుకుంటూ వెళ్ళి నిలబడే ఆ ముందు స్థానం ఎవడిక్కావాలి? అక్కడే, సౌజన్య చూస్తుండగానే నివేదిక రాసింది. ఇళ్ళ పేర్లు రాయలేదు. లేబుళ్ళు సరిగానే ఉన్నాయనీ, మగవాళ్ళు తమ బదులు ఇంటి ఆడవాళ్ళ చేత ఇప్పించారనీ, గొట్టాలు ఇంటికి పంపమన్న ఆదేశం ఎవరిదో, ఎప్పటిదో కూడా రాసి, డైరెక్టరుకీ, ఆయన పైనున్న కమిటీకీ ఒక్కసారే పంపించేసింది. ఉద్యోగం పోతే పోతుంది, కాపరం ఏమవుతుందో చూద్దాం అనుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర గోడమీది కాగితం తీసుకొచ్చి మావగారి కంచం పక్కన పెట్టింది.

“ఇది మీది కాదు మావయ్యా, అత్తమ్మది. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. పరీక్ష చేయించుకోవడం మీ ఇష్టం. సంగతి పై కమిటీకి రాసేశాను, చేయించుకోకపోతే ఆదివారం శాలువా లేదు.”

గణపతిరావు గారు, కోడలు ఇలా మాట్లాడిందని కోప్పడాలో, పాదాలు పంచెలోకి లాక్కోవాలో తెలియని మనిషిలా, రెండూ సగం సగం చేశాడు. హరిబాబు మాత్రం గొంతు సవరించుకుని, సరే, మళ్ళీ ఇస్తాం, ఇంట్లోనే ఇస్తాం, పంపించు అన్నాడు. అతని మొహం చూస్తే ఆలోచన నుదుటి మీద రాసినట్టే ఉంది. సౌజన్య కూడా వచ్చి ఎదురుగా కూర్చుని చూస్తుందని తనూజ చెప్పింది. అలాగేలే అన్నాడు, మరీ తొందరగా.

మర్నాడు పొద్దున్నే సౌజన్య వచ్చింది. వసారాలో గణపతిరావు గారికి ఎదురుగా కుర్చీ వేసుకుని, సీసాలు సంచిలోనే ఉంచి ముందు ఉమ్మి గొట్టాలు బల్లమీద పెట్టింది. పెద్దాయన దగ్గాడు, ఆకూవక్కా నమిలున్నానన్నాడు, నోరు కడుక్కోవాలన్నాడు. కడుక్కోండి, అరగంట ఆగుతానంది సౌజన్య. ఈలోగా హరిబాబు, నేను లోపలికెళ్ళి పుక్కిలించి వస్తానంటూ లేచి, సౌజన్య చూపు పెద్దాయన మీద ఉండగా బల్లమీది రెండు గొట్టాలూ గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అక్కడ తల్లి బీరకాయలు తరుగుతోంది. పొయ్యి దగ్గర తనూజ ఉంది. పెళ్ళాన్ని చూసి అతను ఆగలేదు కూడా. ఆమె ఎదురుగానే రెండు గొట్టాలూ తల్లి ముందు పెట్టి, గొంతు తగ్గించి, “అమ్మా, బేగి,” అన్నాడు.

తనూజ నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. అది తను చెప్పాల్సిన మాట కాదని ఆమెకు తెలిసింది.

బొడ్డమ్మ కత్తిపీట మీంచి తలెత్తి గొట్టాల్ని చూసింది, కొడుకుని చూసింది. గొట్టాలు రెండూ ఏరి అతని చేతిలో తిరిగి పెట్టి, మళ్ళీ బీరకాయ అందుకుంది.

“నా నోట్లో తడి లేదు నాయినా. మీ ఉమ్ము మీరే ఉమ్ముకోండి.”