టాన్సీ ఎందుకు వెళ్లకూడదు?

ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా. అంటురోగాల ఆసుపత్రిలో ఉన్న పిల్లల్ని చూసుకోవడానికి తల్లిదండ్రులకు వారం మొత్తానికి ఆ ఒక్క గంటే దక్కేది. అదీ లోపలికి వెళ్లి కాదు. బయట గడ్డిలో నిలబడి, మూసిన కిటికీ అద్దంలోంచి.

అది 1950 ఆగస్టు. హిల్డా ప్రోసర్ కూతురు మెరియల్‌కు తొమ్మిదేళ్లు. బ్రిటన్‌లోని సెవెర్న్ నదిలో ఈతకొట్టి వచ్చిన వారానికి జ్వరం తగిలింది. మర్నాటికి కాళ్లు కదల్లేదు. పోలియో అన్నారు. అంబులెన్సు ఎక్కించేటప్పుడు పిల్ల చంకలోని గుడ్డబొమ్మను కూడా, రోగం అంటుతుందని లాక్కుని కాల్చేశారు.

మొదటి ఆదివారం హిల్డా అద్దం బయట నిలబడి చెయ్యి ఊపింది. మెరియల్ చేతులూ లేవక ఊపలేకపోయింది. గంటసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అంతే. ఇంటికి వెళ్లే బస్సులో హిల్డాకు ఒక ఆలోచన తట్టింది. చిన్నప్పటి నుంచి ఆమెకు కథలు అల్లడం అలవాటు. కూతురికి ఒక కథ మొదలుపెట్టి సగంలో ఆపింది కూడా. ఇంట్లో మిగిలిపోయిన, గోడలకు అంటించే రంగుకాగితం చుట్టను వెనక్కి తిప్పి, బూట్ల పాలిష్‌తో బెత్తెడు బెత్తెడు అక్షరాలు రాసింది.

రెండో ఆదివారం ఆ కాగితాన్ని అద్దానికి ఆనించి, కొంచెం కొంచెంగా విప్పుతూ చదివించింది. మంచురాణి ఊరి నదిని మూటగట్టుకుపోయి, మూడు ద్వారాల అవతల కొండ గుహలో దాచింది. బావులు ఎండిపోయాయి. టాన్సీ అనే పిల్లకు ఒక అన్న; నదిని తిరిగి తెస్తానని వాడు కత్తి కట్టుకుని బయల్దేరాడు. టాన్సీ గుమ్మంలో దీపం పెట్టుకుని వాడి కోసం ఎదురుచూస్తోంది.

అక్కడికొచ్చేసరికి మెరియల్ కళ్లు మూసేసుకుంది.

హిల్డా కంగారుగా అద్దం మీద కొట్టింది. నర్సు బ్రోన్వెన్ మంచం మీదికి వంగి ఏదో విని, కిటికీ పైరెక్క జానెడు తెరిచింది.

"ఏం కాలేదండీ, అలిగింది. 'టాన్సీకి కాళ్లు బాగానే ఉన్నాయిగా, ఇంట్లో ఎందుకు కూర్చుంది?' అని అడుగుతోంది."

హిల్డా చదివి పెరిగిన కథలన్నిటిలోనూ అన్నలే వెళ్లారు. చెల్లెళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. అది తప్పని ఆమెకు ఏనాడూ తోచలేదు. వారమంతా కూర్చుని కథ తిరగరాసింది. అన్నకు ఊళ్లోనే నుయ్యి తవ్వే పని పెట్టి, కత్తి టాన్సీకిచ్చి పంపింది.

మూడో ఆదివారం చుట్ట పట్టుకుని పరుగున వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. పక్కబట్టలు కూడా తీసేశారు.

హిల్డా గోడకు జారబడింది. బ్రోన్వెన్ పైరెక్క తెరిచి గబగబా చెప్పింది: "ఉంది, ఉంది! రాత్రి ఊపిరి అందకపోతే, ఊపిరి ఆడించే యంత్రంలో పెట్టారు. ఆ గదికి ఇటువైపు కిటికీ లేదు."

"బతుకుతుందా?"

బ్రోన్వెన్ కిటికీ రెక్క మూసేసింది.

హిల్డా లేచి తలుపు వైపు నడిచింది. ఆ రోజు తోడు వచ్చిన భర్త విల్ఫ్ టోపీ నలుపుకుంటూ వెంటపడ్డాడు. "లోపలికి రానివ్వరే. వాళ్లతో గొడవ పెట్టుకుంటే రేపు పిల్లని సరిగ్గా చూడరు. ఇక్కడే ఉందాం."

"నువ్వుండు. నావల్ల కాదు."

హాల్లో హెడ్ నర్స్ మిస్ క్రాడాక్ అడ్డం నిలబడింది. "ఒకర్ని రానిస్తే అందర్నీ రానివ్వాలి, మిసెస్ ప్రోసర్. బయటికి నడవండి."

"నడవను. మీరు గెంటించండి, మళ్లీ వస్తాను. నా బిడ్డ చచ్చిపోతే గుమ్మంలో నిలబడి వినాలా నేను?"

మిస్ క్రాడాక్ కొక్కేనికి ఉన్న తెల్లకోటు, ముసుగు తీసి చేతికిచ్చింది. "పది నిమిషాలు. దేన్నీ ముట్టుకోకూడదు."

పెద్ద ఇనుప పీపాలాంటి యంత్రంలోంచి మెరియల్ తల మాత్రం బయటికి కనిపిస్తోంది. యంత్రం బుస్సుమని ఊపిరి లాగుతోంది, వదులుతోంది. వదిలినప్పుడే పిల్ల మాట్లాడగలదు.

"అమ్మా... వెళ్లిందా?"

"వెళ్లింది తల్లీ. రెండు ద్వారాలు దాటింది."

హిల్డా చెప్పుకుంటూ పోయింది. రాసింది అయిపోయింది. కూతురి పెదవులు నీలంగా ఉన్నాయి. అటు చూస్తూ మాట తడబడింది. "మూడో ద్వారం దగ్గర... మంచులో... పడిపోయింది."

"లేచిందా?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "లేవలేకపోతోందమ్మా. ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు."

యంత్రం రెండుసార్లు బుస్సుమంది. "పాకమను," అంది మెరియల్. మళ్లీ ఊపిరి అందాక, "మోచేతులతో. కత్తి... బరువు. పారెయ్యమను."

హిల్డా కత్తి పారేయించింది. టాన్సీని అంగుళం అంగుళం పాకించింది. ముసుగు తడిసి మొహానికి అంటుకుపోయింది. టాన్సీ ఇంకా ద్వారం దాటకముందే మిస్ క్రాడాక్ వచ్చి భుజం తట్టింది.

బయట గడ్డిలో తల్లులందరూ ఆమెనే చూస్తున్నారు. ఒకావిడ ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "లోపలికెళ్లారుగా! ఆ గదిలో మావాడూ ఉన్నాడండీ, ఎర్రజుట్టు. ఎలా ఉన్నాడు?"

ఆ గదిలో ఇంకో పీపా ఉంది. హిల్డా అటు తలైనా తిప్పలేదు.

"నిద్రపోతున్నాడు," అంది. "హాయిగా."

ఆవిడ ఆ చేతిని కళ్లకద్దుకుంది. బుధవారం ఆ పిల్లాడు పోయాడు. మెరియల్ నవంబరులో యంత్రంలోంచి బయటపడింది. ఎడమకాలికి మాత్రం కదలిక తిరిగి రాలేదు. హిల్డా ఆ ఎర్రజుట్టు పిల్లాడి తల్లి ఇంటి చిరునామా కనుక్కుని, ఆమెకు ఉత్తరం రాయాలని చాలాసార్లు కూర్చుంది. మొదటి వాక్యం దాటి ఎప్పుడూ ముందుకు సాగలేదు.